దిగిన అగ్నికి కట్టెలు ఎవరు వేయాలి?

ఒంగోలు నుంచి టంగుటూరు, సింగరాయకొండ మీదుగా కందుకూరు దాకా వెళ్లే దారిలో ఏడాది పొడవునా ఏదో ఒక చోట ఎర్రటి మంటల బొమ్మతో ఒక ఫ్లెక్సీ కనబడుతూనే ఉంటుంది. మంటల మధ్యలో మైకు పట్టుకున్న దైవజనుడు, పక్కన ఆయన సతీమణి, కింద వరసగా సంఘ పెద్దల పాస్‌పోర్టు ఫోటోలు, అన్నిటికీ పైన 'అగ్ని అభిషేక మహాసభలు' అనే పెద్ద అక్షరాలు. పరిశుద్ధాత్మ అగ్నిలా దిగిరావాలని ప్రార్థించే ఈ సభలను ఎగతాళి చేయడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగినవాణ్ణి గనుక మా ఆరాధనల్లోని చల్లదనం ఎలాంటిదో నాకు బాగా తెలుసు. కీర్తనలు, ప్రార్థన, ప్రకటనలు, కానుకలు, ప్రసంగం, దీవెన అనే క్రమం ఎక్కడా చెదరకుండా సాగిపోతున్నప్పుడు, వెనక బల్లల మీద కూర్చున్న యువకులు వేడి వెతుక్కుంటూ పక్క ఊరి సభలకు వెళ్తే, తప్పంతా వాళ్లదే అనడానికి నాకు నోరు రాదు. అగ్ని కావాలని అడగడం తప్పు కాదు. అయితే అగ్ని దిగిన క్షణాన్ని మాత్రమే శక్తిగా లెక్కగట్టి, దిగిన తర్వాత దాన్ని కాపాడే పనినీ, దానితో చేయవలసిన పనినీ లెక్కలోంచి తీసేస్తున్నామన్నది నా అభ్యంతరం. బైబిలు దైవశక్తిని ఆ రెండో చోటనే ఎక్కువగా చూపిస్తుందని నేను నమ్ముతున్నాను.

పొద మండింది గాని కాలిపోలేదు, సీనాయి కొండ పొగ చిమ్మింది, అరణ్యంలో రాత్రివేళ అగ్నిస్తంభం దారి చూపింది. ఇవి ఆదివారపు బడిలో చదివిన ప్రతి పిల్లవాడికీ తెలిసిన సంగతులే కాబట్టి వాటి దగ్గర ఆగను. ఆగవలసింది లేవీయకాండం దగ్గర. ప్రసంగీకులు సాధారణంగా దాటవేసే ఆ గ్రంథంలో, తొమ్మిదవ అధ్యాయం చివర, అహరోను యాజకుడిగా మొదటి బలులు అర్పించినప్పుడు దేవుని సన్నిధి నుంచి అగ్ని బయలుదేరి బలిపీఠం మీద ఉన్నదాన్ని దహించింది. జనం కేకలు వేసి సాగిలపడ్డారు. సభల్లో మనం వినేది ఇంతవరకే. అయితే అంతకు మూడు అధ్యాయాల ముందే, అంటే ఆ అగ్ని ఇంకా రాకముందే, అది వచ్చిన తర్వాత ఏం చేయాలో యాజకులకు విధించబడింది. బలిపీఠం మీది అగ్ని ఆరిపోకూడదు. యాజకుడు ప్రతి ఉదయం దానిమీద కట్టెలు వేయాలి. నారబట్టలు తొడుక్కొని బూడిద ఎత్తి బలిపీఠం పక్కన పోయాలి. ఆ తర్వాత బట్టలు మార్చుకొని ఆ బూడిదను పాళెం వెలుపల పవిత్రమైన చోటికి మోసుకుపోవాలి. అగ్ని ఇచ్చేది దేవుడు, బూడిద ఎత్తేది మనిషి. ఆ బూడిద ఎత్తడానికి కూడా బట్టల నియమం పెట్టాడంటే, దేవుని దృష్టిలో అది చాకిరీ కింద జమ కాలేదన్నమాట, అది ఆరాధనలో ఒక భాగం.

ఈ సంగతిని నాకు మొదట అర్థమయ్యేలా చేసింది వేదపండితులు కాదు, మా పెదనాన్న. ఆయన సంఘంలో పెద్ద, బయట ఒక రైతు దగ్గర పొగాకు బ్యారన్‌కు, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టానికి, మంట వేసే మనిషి. మా ప్రాంతంలో వర్జీనియా పొగాకు పండించే ఊళ్లన్నిటిలో ఇటుకలతో కట్టిన ఎత్తైన బ్యారన్లు ఉంటాయి. రెలిచిన ఆకును కర్రలకు కట్టి, ఆ కర్రలను బ్యారన్ లోపల కింద నుంచి పైదాకా అంతస్తులుగా వేలాడదీసి, తలుపు మూసి, బయటి పొయ్యిలో సర్వి కట్టెలో తుమ్మ మొద్దులో వేసి మండిస్తారు. మంట లోపలికి రాదు. దాని వేడి మాత్రమే నేల మీద పరిచిన ఇనుప గొట్టాల గుండా లోపలంతా తిరుగుతుంది. అయిదారు రోజులు రాత్రింబగళ్లు ఆ పొయ్యిని ఒకరు కనిపెట్టుకొని ఉండాలి. మొదట్లో థర్మామీటరు 100 డిగ్రీల ఫారెన్‌హీటు దాటకుండా నిదానంగా ఆకును పసుపెక్కనివ్వాలి, తర్వాత కొద్దికొద్దిగా పెంచుకుంటూ చివరికి ఈనె ఎండేనాటికి 160 దాకా తీసుకుపోవాలి. తొందరపడి ముందే మంట పెంచితే ఆకు పండకుండా పచ్చగానే ఎండిపోతుంది. అశ్రద్ధ చేసి తగ్గనిస్తే నల్లబడి పాడైపోతుంది. ఎండిన ఆకు ఒక్కటి జారి కాగిన గొట్టం మీద పడితే బ్యారన్ మొత్తం అంటుకుంటుంది. "మంట ఎయ్యడం ఎవుడైనా ఏస్తాడబ్బయ్యా, కూసోవాల, అదీ పని," అనేవాడాయన, గాజు కిటికీకి టార్చిలైటు ఆనించి లోపలి అంకె చదువుతూ. (పొగ తాగడం పాపమని ప్రసంగ వేదిక మీద చెబుతూనే, పొగాకు అమ్మిన డబ్బుతో వచ్చిన కోతపండుగ కానుకను రెండు చేతులా అందుకునే మా సంఘాల సంగతి మరోసారి రాస్తాను.)

ఆయన చూపించిన అగ్నికీ ఫ్లెక్సీ మీది అగ్నికీ తేడా అక్కడే ఉంది. ఫ్లెక్సీ మీది మంట ఎంత ఎగసిపడితే అంత శక్తి. బ్యారన్ దగ్గర ఎగసిపడే మంట ప్రమాదం. మా సంఘంలోనే ఒక యువకుణ్ణి బాప్తిస్మం తీసుకున్న కొద్ది నెలలకే సాక్ష్యాల కోసం వేదిక వెంట వేదిక ఎక్కించి, 'అగ్నిలాంటి కుర్రాడు' అని ఊరూరా తిప్పారు. లేఖనాలు చదివి నిలదొక్కుకునే వ్యవధి అతనికి ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు అతను ఏ సంఘానికీ వెళ్లడం లేదు. పచ్చగా ఎండిన ఆకును మళ్లీ పసుపెక్కించే ఉపాయం నాకు తెలిసినంతవరకు ఎవరి దగ్గరా లేదు, అయితే మనుషుల విషయంలో దేవుని దగ్గర ఉందని నా ఆశ.

అగ్ని సభలన్నిటికీ మూలవాక్యంగా నిలిచేది రాజులు మొదటి గ్రంథం 18వ అధ్యాయంలోని కర్మెలు పర్వతం. బయలు అనే దేవత ప్రవక్తలు పొద్దున నుంచి గంతులు వేసి, కత్తులతో దేహాలు కోసుకున్నా పలికినవాడు లేడు. యెహోవా ప్రవక్త ఏలీయా మాత్రం పడిపోయిన బలిపీఠాన్ని బాగుచేసి, కట్టెల మీద నీళ్లు కుమ్మరింపజేసి, చిన్న ప్రార్థన చేశాడు, అగ్ని దిగింది. ఇందులో కూడా మనవాళ్లు గమనించని విషయం ఒకటుంది. ఆ కథలో పెద్ద గొంతుతో అరిచినవారు అగ్నిని రప్పించలేకపోయినవారే. అంతకన్నా ముఖ్యమైనది తర్వాతి అధ్యాయం. ఆకాశం నుంచి అగ్నిని చూసిన జనం 'యెహోవాయే దేవుడు' అని కేకలు వేశారు గాని రాణి యెజెబెలు మనసు మారలేదు, రాజు ఆహాబు ఇంటి తీరు మారలేదు. అగ్నిని దింపిన ప్రవక్తే ఆ రాణి కబురుకు భయపడి అడవికి పారిపోయి, ఒక చెట్టు కింద కూర్చొని ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. దేవుడు అతనికి మరో కర్మెలును ఇవ్వలేదు. నిద్ర ఇచ్చాడు, దూత చేత తట్టి లేపించాడు. లేచి చూస్తే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి ఉన్నాయి. అది తిని హోరేబు దాకా నడిచి వెళ్లినవాడికి గాలి, భూకంపం, మంట ఒకదాని తర్వాత ఒకటి కనబడ్డాయి, కానీ ఆ మంటలో యెహోవా లేడని లేఖనం విస్పష్టంగా చెబుతుంది. ఆయన నిమ్మళమైన స్వరంలో మాట్లాడాడు. కర్మెలు మీద మాట్లాడే ప్రతి ప్రసంగీకుడూ 18వ అధ్యాయం ముగించి ఊరుకోకుండా 19వ అధ్యాయం కూడా చదివి వినిపిస్తే, సగం సభల స్వరూపం మారిపోతుందని నా అభిప్రాయం.

ఒకసారి మా ఊరి దగ్గర జరిగిన సభలో ప్రసంగీకుడు, సంఘం విడిచి వేరే సంఘానికి వెళ్లిన ఒక కుటుంబాన్ని ఉద్దేశించి, పేరు చెప్పకుండానే అందరికీ తెలిసేలా, 'దేవుని సేవకుణ్ణి కాదన్న ఆ ఇంటి మీద అగ్ని దిగును గాక' అని ప్రార్థించాడు. జనం ఆమెన్ అన్నారు. ఆ ఇంటి ఇల్లాలు మా వీధిలోనే ఉంటుంది, మైకు మాటలు ఆమె వాకిట్లోకి స్పష్టంగా వినబడ్డాయి. ఆ రాత్రి ఆమె పిల్లల్ని దగ్గరికి తీసుకొని పడుకుందని మా ఇంట్లో ఆడవాళ్లు చెప్పుకున్నారు. ఇది కొత్త ప్రార్థన కాదు. లూకా సువార్త తొమ్మిదవ అధ్యాయంలో సమరయ గ్రామం యేసును చేర్చుకోనప్పుడు యాకోబు, యోహాను ఇదే అడిగారు, ఆకాశం నుంచి అగ్ని దిగి వాళ్లను నాశనం చేసేలా ఆజ్ఞాపిద్దామా అని. ఏలీయా పేరుతో వాళ్లకు ముందు ఉదాహరణ కూడా ఉంది. యేసు వాళ్ల వైపు తిరిగి గద్దించి, మరో గ్రామానికి నడిచిపోయాడు. తన శిష్యులు అగ్నిని అడిగినప్పుడు ఆయన ఇచ్చిన జవాబు మన చేతిలో ఉంది. దాన్ని ఇంత తేలిగ్గా పక్కన పెట్టే ధైర్యం మనకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. పైగా ప్రకటన గ్రంథం పదమూడవ అధ్యాయంలో, మనుషుల ఎదుట ఆకాశం నుంచి భూమికి అగ్ని దిగివచ్చేలా చేసి జనాన్ని మోసపుచ్చేది ఎవరో కాదు, భూమిలోంచి పైకి వచ్చిన మృగం. అగ్ని దిగడమే దేవుని ముద్ర అయితే ఆ మృగానికి కూడా ఆ ముద్ర వేయవలసి వస్తుంది.

యేసు శిష్యుడు పేతురు విషయానికి వస్తే, సువార్తల్లో అతని జీవితం రెండు నిప్పుల మధ్య నడిచింది. మొదటిది ప్రధాన యాజకుని ఇంటి ముంగిట బంట్రౌతులు చలి కాచుకోవడానికి వేసుకున్న నిప్పు. దాని పక్కనే నిలబడి అతను యేసును ఎరుగనని మూడుసార్లు బొంకాడు. రెండోది తిబెరియ సముద్రపు ఒడ్డున, రాత్రంతా వల వేసి అలసిపోయి వచ్చినవారి కోసం పునరుత్థానుడైన ప్రభువు స్వయంగా సిద్ధం చేసిన నిప్పులు, వాటి మీద చేపలు, పక్కన రొట్టె. అతణ్ణి ముందు కూర్చోబెట్టి తిండి పెట్టి, ఆ తర్వాతే 'నన్ను ప్రేమిస్తున్నావా' అని మూడుసార్లు అడిగాడు, అడిగిన ప్రతిసారీ గొర్రెల బాధ్యత అప్పగించాడు. మా కోస్తాలో తెల్లవారుజామున పడవ దిగినవాడికి ఒడ్డున వేడి అన్నం దొరకడం ఎలాంటిదో చెప్పనక్కర లేదు. ఏలీయా దగ్గర ఒకసారి, పేతురు దగ్గర మరోసారి, ఓడిపోయి కూలబడిన సేవకుడికి దేవుడు చూపిన అగ్ని వంట నిప్పు. మరణాన్ని జయించి వచ్చినవాడు తన శక్తిని ప్రదర్శించదలిస్తే యెరూషలేము నడిబొడ్డున మంటలు కురిపించగలిగినవాడే కదా, ఆయన పొయ్యి రాజేశాడు.

ఇప్పుడు పెంతెకొస్తు, అంటే శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన పండుగ. మా వైపు పెంతెకొస్తు ఆదివారం చాలా ఏళ్లు సరిగ్గా రోహిణి కార్తెలోనే వస్తుంది. రోళ్లు పగిలే ఆ ఎండలో, కరెంటు పోయిన గుడిలో, పాటల పుస్తకాలతో విసురుకుంటున్న జనానికి ఇంకా అగ్ని దిగాలని చెప్పడానికి కొంత తెగువ కావాలి. అపొస్తలుల కార్యములు రెండవ అధ్యాయంలో అగ్నిజ్వాలల వంటి నాలుకలు విడివిడిగా ఒక్కొక్కరి మీద వాలాయి. ఒక నాయకుడి మీద వాలి అతని చేతి ద్వారా మిగిలినవారికి పంచబడలేదు. ఆ అధ్యాయం ముగింపులో విశ్వసించినవారు ఆస్తులు అమ్మి అక్కరను బట్టి అందరికీ పంచిపెట్టారు. ఆరవ అధ్యాయానికి వచ్చేసరికి ఆ సంఘంలో మొదటి గొడవ రేగింది, దేనికంటే రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరుగుతున్నందుకు. అప్పుడు అపొస్తలులు ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండిన ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆత్మతో నిండి ఉండడం ఒక అర్హతగా ఆ సంఘం అడిగిన మొదటి పని, ముసలమ్మలకు తిండి సరిగ్గా అందేలా చూడడం. ఆ ఏడుగురిలో ఒకడైన స్తెఫను తర్వాత విశ్వాసం కోసం ప్రాణమిచ్చి హతసాక్షి అయ్యాడు.

ఈ లెక్కకు మన దేశంలోనే సాక్ష్యం ఉంది. 1905 జూన్ నెలాఖరున, పుణె దగ్గర కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్‌లో, ఒక తెల్లవారుజామున ఒక యువతి మీద మంటలు కనబడితే, పక్కన పడుకున్న అమ్మాయి నిజంగానే నిప్పంటుకుందనుకొని బకెట్టుతో నీళ్లు తెచ్చి పోయబోయి, కాలడం లేదని చూసి ఆగిపోయింది. అక్కడ పనిచేసిన మిన్నీ ఏబ్రమ్స్ అనే మిషనరీ రాసిపెట్టిన సంగతి ఇది. ప్రపంచ పెంతెకొస్తు ఉద్యమానికి నాందిగా చెప్పుకునే, లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధి ఉజ్జీవం ఇంకా మొదలు కాని రోజులవి. ఆ సంఘటనను నమ్మినా నమ్మకపోయినా, అది జరిగిన చోటు ఎలాంటిదో చూడాలి. 1896-97 కరువులోనూ, 1900 కరువులోనూ తల్లీతండ్రీ లేకుండా పోయిన ఆడపిల్లలను, చిన్నతనంలోనే వితంతువులైనవారిని రమాబాయి తెచ్చి, అన్నం పెట్టి, చదువు చెప్పించి, చేతిపనులు నేర్పిన ఇల్లు అది. అగ్ని అక్కడికి వచ్చింది. వచ్చాక ఆ పిల్లలు బృందాలుగా చుట్టుపక్కల ఊళ్లకు సువార్త చెప్పడానికి వెళ్లారు, బడి ఆగలేదు, వంటశాల ఆగలేదు.

ఇంకా దగ్గరికి వస్తే మన ఒంగోలే ఉంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన లైమన్ జూయెట్ దంపతులు ముగ్గురు తెలుగు క్రైస్తవులతో కలిసి ఒంగోలు పక్కన ఉన్న కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. అది నేటికీ ప్రార్థన కొండే. నెల్లూరు కేంద్రంగా నడుస్తున్న వాళ్ల మిషన్‌ను ఫలం లేదని మూసేయాలా వద్దా అని అమెరికాలో చర్చ జరుగుతున్న కాలమది. ఆ ప్రార్థనకు జవాబుగా చెప్పుకునే మిషనరీ జాన్ క్లౌ వచ్చి ఒంగోలులో స్థిరపడింది 1866లో, అంటే పన్నెండేళ్ల తర్వాత. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు అందులో ఉన్నది ఎనిమిది మంది. తర్వాత 1876-78 కరువు వచ్చింది. ఒకప్పుడు సర్వేయరుగా పనిచేసిన అనుభవం ఉన్న క్లౌ బకింగ్‌హాం కాలువలో 3.5 మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుగా తీసుకొని, ఆకలితో వచ్చినవారికి పని, కూలి దొరికేలా చేశాడు. ఆ కరువు రోజుల్లో పదిహేను నెలల పాటు ఆయన ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం వచ్చి చేరారన్న మాట రాకూడదని, అడిగినవారిని కూడా ఆపాడు. సహాయం పంచడం అయిపోయి, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పిన తర్వాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో తెలుగు బోధకులు ఆరుగురు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు, ఊరి బావి దగ్గరికి రానివ్వనివారు, ఏటిలో దిగారు.

ఈ చరిత్రను మా గుళ్లలో ఏటా చెప్పుకుంటాం, కాని ఎప్పుడూ 2,222 అనే అంకె దగ్గరే చప్పట్లు కొడతాం. ఆ పదిహేను నెలల గురించి ప్రసంగం చేసినవారిని నేను వినలేదు. సంఖ్య పెంచుకునే అవకాశం చేతిలో ఉండి కూడా దాన్ని ఆపగలగడం నా దృష్టిలో ఆ కథలో అన్నిటికన్నా పెద్ద శక్తి. మంటను పెంచడం తెలిసినవాడికన్నా ఎప్పుడు పెంచకూడదో తెలిసినవాడు అరుదు.

'అయితే అనుభవం అక్కర్లేదా, ఒళ్లు పులకించడం, కన్నీళ్లు రావడం అన్నీ వట్టివేనా' అని నన్ను అడిగిన మిత్రులున్నారు. వట్టివని నేను ఎన్నడూ అనను. ఫ్రెంచి గణితవేత్త పాస్కల్ 1654 నవంబరు 23 రాత్రి తనకు కలిగిన దైవానుభవాన్ని ఒక కాగితం మీద రాసుకుంటూ మొదట పెట్టిన మాట 'అగ్ని'. ఆ కాగితాన్ని కోటు లోపలి గుడ్డలో పెట్టి కుట్టుకున్నాడు. 1662లో ఆయన చనిపోయాక పనివాడి చేతికి తగిలేదాకా అది ఎవరికీ తెలియదు. ప్రవక్త యిర్మీయా కూడా దేవుని మాట తన ఎముకల్లో మూయబడిన అగ్నిలా ఉందని, ఓర్చి ఓర్చి అలసిపోయానని చెప్పుకున్నాడు. అతనికి ఆ అగ్ని వల్ల దక్కింది చప్పట్లు కాదు, శిక్షగా బిగించే బొండకొయ్య, పడదోసిన గొయ్యి. అనుభవం ఉంటుంది, ఉండాలి కూడా. దాన్ని మైకులో వేలం వేయడం మొదలైన చోట నాకు అనుమానం వస్తుంది.

మా సంఘంలో ఈ ఏడు ఉజ్జీవ సభల కమిటీ వేశారు, అందులో నా పేరు కూడా రాశారు. సౌండు సిస్టంకు, షామియానాకు, ప్రసంగీకుల ప్రయాణ ఖర్చులకు వేసిన అంచనా కాగితం నా దగ్గరే ఉంది. సభలు వద్దని నేను అనబోవడం లేదు. నేను పెట్టబోయే సవరణ చిన్నది. సంఘంలో ఒంటరిగా ఉంటున్న విధవరాండ్ర జాబితా ముందు తయారు కావాలి, వాళ్లకు నెలనెలా బియ్యం ఇచ్చే పని ఎవరిదో పేర్లతో సహా రాసుకోవాలి, సభల చివరి రాత్రి అభిషేక ప్రార్థనకు మొదట పిలవవలసింది ఆ పేర్లనే. మా పాస్టరు అయ్యగారు ఒప్పుకునేలాగే ఉన్నారు. షామియానా పద్దు తగ్గించాలంటే మాత్రం కోశాధికారి గారితో ఇంకో దఫా మాట్లాడాలి.